తలుపుకు సగం నీళ్లు

భాగీరథికి చిన్నప్పటి నుంచీ భయాలెక్కువ. కుక్కలంటే భయం. తడి చేత్తో స్విచ్చు ముట్టడమంటే భయం. అన్నిటికన్నా భిన్నాలంటే భయం. సిరిసిల్ల దిక్కు పల్లెలో ఐదో తరగతి చదివేటప్పుడు సారు ఆమెను బోర్డు దగ్గరికి పిలిచి, ఒకటి బై నాలుగు పెద్దదా, ఒకటి బై రెండు పెద్దదా అని అడిగాడు. రెండు కన్నా నాలుగు పెద్దది కదా అనుకుని ఒకటి బై నాలుగు అంది. క్లాసంతా నవ్వింది. సారు తిట్టలేదు, కొట్టలేదు, పోయి కూర్చోమన్నాడు, అంతే. అయినా ఆ రోజు నుంచి ఒక అంకె, దాని కింద గీత, గీత కింద ఇంకో అంకె కనబడితే చాలు, ఆమెకు అరచేతులు చల్లబడేవి.

అట్లాంటి మనిషి సూరత్‌లో పిల్లలకు భిన్నాలు నేర్పింది.

పెళ్లై లింబాయత్ వచ్చి చాలా ఏళ్లయింది. భర్త రాజలింగం పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. పొద్దున పోతే పొద్దుగూకినాకే మళ్లీ ఇల్లు చూసేది. ఆమె ఇంట్లో మిషను ముందు కూర్చుని చీరలకు లేసు కుడుతుంది. వాళ్లకు పిల్లలు లేరు గానీ ఇల్లు మాత్రం ఎప్పుడూ పిల్లలతోనే ఉండేది. ఆ గల్లీలో మన ఆడవాళ్లు చాలామంది బట్టల మార్కెట్లో మడత పనికీ ప్యాకింగ్ పనికీ పోతారు. బడి విడిచిన పిల్లలు, తల్లులు వచ్చేదాకా భాగీరథి గదిలో చేరేవారు. అందరికీ ఆమె పెద్దమ్మే. వాళ్లు పుస్తకాలు ముందేసుకుంటే ఆమె మిషను తొక్కుతూనే చదివించేది. తెలుగు చెప్పేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది. భిన్నాల పేజీ వస్తే మాత్రం, బడిలో అడగండి బిడ్డా అని తప్పించుకునేది.

అదే గల్లీలో ఉండే మంగ కూతురు సుమన మాత్రం అట్లా తప్పించుకోనివ్వలేదు. నాలుగో తరగతి పిల్ల. ఒకరోజు పుస్తకం తెచ్చి మిషను మీద పెట్టి, పావు పెద్దదా సగం పెద్దదా అన్నదే, అచ్చంగా ఆనాటి ప్రశ్నే, అడిగింది. బడిలో తప్పు రాసిందట. అందరూ నవ్వారట.

భాగీరథి లేచి పొయ్యి దగ్గరికి పోయి గోడవైపు తిరిగి నిలబడింది. తప్పు చెబితే ఈ పిల్ల మళ్లీ బోర్డు దగ్గర నిలబడాలి. చెప్పకపోతే, పెద్దమ్మకు కూడా రాదని తెలిసిపోతుంది. చేతికి పొద్దుటి జొన్నరొట్టెలు తగిలాయి. ఒకటి తీసి రెండు ముక్కలు చేసింది. ఇంకోటి తీసి నాలుగు ముక్కలు చేసింది. అన్నీ ఒక పళ్లెంలో పెట్టి పిల్లల మధ్యలో ఉంచింది.

"ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కలకు ఎంతొచ్చింది? నలుగురు పంచుకుంటే ఎంతొచ్చింది? మీరే చూసి చెప్పుండ్రి," అంది.

పిల్లలు చూశారు. నాలుగో వంతు ముక్కను ఎవరూ తీసుకోలేదు, అందరి చేతులూ సగాల మీదికే పోయాయి. సుమన కొంచెంసేపు పళ్లెం వంకే చూసి, మంది ఎక్కువైతే తునక చిన్నదైతది అంది. భాగీరథికి ఒళ్లు తేలికైంది. ఆ మాట ఆమెకూ అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాత భయం పూర్తిగా పోలేదు గానీ దారి దొరికింది. కూరగాయల బండి దగ్గర ఈ పిల్లలు పావు కిలో బెండకాయలు, ఆధా కిలో టమాటాలు రోజూ తెస్తూనే ఉన్నారు. గుజరాతీ దోస్తులతో ఆడేటప్పుడు ముప్పావును పోణో అంటున్నారు. మీ నోట్ల ఉన్నయే పుస్తకంల ఉన్నయ్ అని చెప్పింది. రోజుకొక పని పెట్టేది. బడి నుంచి వచ్చేలోగా దారిలో ఒక పావో, సగమో, ముప్పావో చూసి రావాలి. నీళ్ల బకెట్, హోటల్లో సగం గ్లాసే పోసే కటింగ్ చాయ్, లూమ్‌కు ఎక్కించిన బీమ్ దుంగ మీద మిగిలిన నూలు, షేర్ ఆటోలో ఒక సీటు మీద సర్దుకున్న మనుషులు, ఏదైనా సరే. ఆ గల్లీలో ఇళ్ల తలుపులన్నీ ఒకే తీరు, కింది నుంచి పైదాకా నాలుగు పలకలు. ఒక పలక పావు, రెండు పలకలు సగం అని పిల్లలు పోతూ వస్తూ తలుపులు తట్టేవారు. లోపలివాళ్లు తిట్టేవారు.

ఒక్క విషయంలో ఆమె మళ్లీ తడబడింది. సుమన తమ్ముడు ప్రణయ్ ఒకటో తరగతి. ఒకరోజు అక్కకూ వాడికీ చెరో సగం రొట్టె ఇస్తే, నాది తక్కువ ఉన్నదని ఏడ్చాడు. సగం సగమే గదరా అని భాగీరథి కసిరింది. అప్పుడు సుమన, వాని రొట్టె చిన్నదుండె పెద్దమ్మా, నాది పెద్దదుండె, రెండింట్ల సగం ఒక్కటెట్లయితది అని అడిగింది. పెద్ద సగంలోంచి కొంచెం తుంచి వాడికిచ్చి ఊరుకుంది. ఇంకా ఎక్కువ అడుగుతారేమోనని పోయి మిషను తొక్కసాగింది.

ఆ ఏడు వానాకాలంలో సూరత్ మీద వాన తెరిపివ్వలేదు. లింబాయత్ పక్కనుంచి పోయే ఖాడీ, అంటే వానాకాలంలో వాగులా పొంగే పెద్ద కాలువ, అంచుల దాకా వచ్చింది. ఏటా ఒకసారి గల్లీలోకి మడమల లోతు నీళ్లు రావడం, పోవడం అలవాటే. అందుకే బడులకు సెలవిచ్చినా తల్లులు పనులకు పోయారు. మంగ తన పిల్లలిద్దరినీ భాగీరథి దగ్గర వదిలి, పొద్దుగూకకముందే వస్తా అక్కా అని చెప్పి మార్కెట్‌కు పోయింది. మిగతా పిల్లలను ఇంట్లోవాళ్లు ఊళ్లోనే కొంచెం దూరంలోని పర్వత్ పాటియాలో చుట్టాల ఇంటికి తీసుకుపోయారు.

మధ్యాహ్నం అన్నాలు తింటుండగా నీళ్లు గడప దాటాయి. భాగీరథి గుడ్డలు అడ్డం పెట్టింది. కాసేపటికి ఆ గుడ్డలు గదిలో తేలాయి. నీళ్లు ముందునుంచి వస్తున్నాయనుకుంటే, మురుగు మోరీలోంచి, నేల బండల సందుల్లోంచి కూడా ఉబుకుతున్నాయి. నల్లగా, రంగుల మిల్లుల వాసన. కరెంటు పోయింది. రాజలింగానికి ఫోన్ చేస్తే కలవలేదు. మంగకు చేస్తే ఒకసారి మోగి ఆగిపోయింది. మిషను మీదికి బియ్యం సంచి ఎత్తి, పిల్లలిద్దరినీ పట్టుకుని బయటికి వచ్చేసరికి నీళ్లు ఆమె మోకాళ్ల మీదికి, ప్రణయ్ నడుముకు వచ్చాయి.

ఇంటి పక్కనుంచి ఇనుప మెట్లు పైకి పోతాయి. పై అంతస్తు ఇంటి ఓనరు గోదాం, తాళం వేసి ఉంది. ఇంకా పైన డాబా. వాటర్ ట్యాంకు కింద కొంచెం చోటు తప్ప వాన తగలని జాగా లేదు. ముగ్గురూ అక్కడ ఒదిగి కూర్చున్నారు. భాగీరథి కొంగు విప్పి పిల్లల తలల మీద కప్పింది. తాను వణుకుతున్న సంగతి వాళ్లకు తెలియకూడదని మోకాళ్లను గట్టిగా పట్టుకుంది.

డాబా మీది నుంచి తమ తలుపు కనబడదు, సరిగ్గా కిందుంటుంది. ఎదురింటి తలుపు మాత్రం ఎదురుగా కనబడుతుంది. అది మూడంతస్తుల బిల్డింగు. సుమన పిట్టగోడ దగ్గరికి పోయి తొంగి చూసి వచ్చి, పావు మునిగింది పెద్దమ్మా అంది.

భాగీరథి మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత తెలిసింది, తలుపు పలకల లెక్క అని. ఇన్నాళ్లు ఆమె నేర్పినదే. ఇంకే పిల్లయినా నీళ్లు వస్తున్నయని మాత్రమే అనేది. ఈ పిల్ల ఎంత వచ్చాయో, ఇంకా ఎంత మిగిలిందో చెబుతోంది. రా బిడ్డా, చూడకు అని పిలిచింది. సుమన వచ్చి కూర్చుంది, కాసేపాగి మళ్లీ పోయింది.

"పావు దాటింది. సగానికి వస్తాంది."

"పూరా అయితే ఏమైతది?" అని ప్రణయ్ అడిగాడు.

భాగీరథి వాడిని దగ్గరికి లాక్కుంది. కింద ఎక్కడో సిలిండర్ గోడకు కొట్టుకుంటున్న చప్పుడు. ఎవరిదో స్కూటీ నీళ్లలో పక్కకు ఒరిగి మెల్లగా తిరుగుతూ పోయింది. ఆ తర్వాత ఇంటి లోపల్నుంచి ఇంకో చప్పుడు వచ్చింది. ఇటుకలు ఒకదానికొకటి ఒరుసుకున్నట్టు, పళ్లు నూరినట్టు. డాబా కొంచెం అదిరినట్టనిపించింది. అది నిజమో, తన ఒళ్లు వణుకో భాగీరథికి తెలియలేదు. పాత ఇల్లు, మట్టి మీద లేపిన గోడలు. ఇల్లు కూలుతుందేమోనన్న ఆలోచన ఒక్కసారి వచ్చాక ఇంకేదీ తలలోకి రాలేదు.

అప్పుడే ఎదురింటి తలుపు సగం తెరుచుకుని కమలాకర్ కనబడ్డాడు. మన కరీంనగర్ వైపు మనిషే, రాత్రి షిఫ్టు. ఆ బిల్డింగులో కింద గదిలో ఉంటాడు. సామానంతా పై అంతస్తుకు చేర్చి మళ్లీ దిగి వచ్చినట్టున్నాడు. భాగీరథిని చూసి గట్టిగా అరిచాడు.

"వదినా, ఆ ఇంట్ల ఉండకు. గోడ పగుళ్లిచ్చింది, నాకు గీడికి కనవడుతాంది. తలుపుకు సగమే ఉన్నయ్ నీళ్లు. పోరగాండ్లను పట్టుకొని వచ్చెయ్, నేను చెయ్యందిస్త."

సగమే అన్న మాట ఆమెకు ఊపిరి పోసింది. సగం తలుపు అంటే తనకు నడుము పైకి. ప్రణయ్‌ని ఎత్తుకుంటే, సుమనను పట్టుకుంటే, నాలుగడుగులేస్తే గల్లీ దాటొచ్చు. గోడ పగిలిందని విన్నాక డాబా మీద ఒక్క క్షణం ఉండబుద్ధి కాలేదు. ప్రణయ్‌ని చంకనేసుకుంది, సుమనకు కొంగు చివర ఇచ్చి చేతికి చుట్టుకోమంది. మెట్లు దిగడం మొదలుపెట్టింది.

నీళ్లు పాదాలకు, మోకాళ్లకు, నడుముకు వచ్చాయి. చల్లగా లేవు, గోరువెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చదనానికే ఆమెకు ఎక్కువ భయమేసింది. ఇంకో మెట్టు కోసం కాలు చాపితే దొరికింది. ఇంకోటి చాపితే, అదీ దొరికింది. ప్రణయ్ ఆమె మెడను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే ఊపిరాడలేదు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. వెనక కొంగు బిగుసుకుంది. సుమన ఆగిపోయింది.

"రా," అంది భాగీరథి.

"వద్దు పెద్దమ్మా. ఆయన చెప్పింది ఆయన తలుపుకు సగం. ఆ తలుపు మెట్ల మీదున్నది. మన తలుపు చూడు జర."

భాగీరథి తల తిప్పింది. మెట్ల పక్కనే తన ఇంటి తలుపు. నాలుగు పలకల్లో మూడు లేవు. పైది ఒక్కటే, అదీ సగం తడిసి, నల్లటి నీళ్ల మీద కనిపిస్తోంది. ఎదురు బిల్డింగు కట్టేటప్పుడు ఖాడీ నీళ్లకు భయపడే గడపను ఎత్తులో పెట్టారు, ముందు మెట్లు కట్టారు. రోజూ భాగీరథి ఆ మెట్ల మీదే కూర్చుని కూరగాయలు తరిగేది. ఆ మెట్లన్నీ ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. అక్కడి సగం ఇక్కడ ముప్పావు దాటింది. నడి గల్లీలో, మోరీ మూత ఉన్నచోట ఇంకెంతో ఎవరికి తెలుసు.

ఆమెకు ముందుకు పోవాలన్నా భయం, వెనక్కి తిరగాలన్నా భయం. కింద ఇంకెన్ని మెట్లున్నాయో గుర్తు రాలేదు. కొంగు పట్టుకున్న పిల్ల వెనక్కి లాగుతూనే ఉంది. ఆ లాగుడికే ఆమె ఒక మెట్టు పైకి జరిగింది. తర్వాత ఇంకోటి.

ఎందుకు ఆగిందో తెలియక కమలాకర్ అరుస్తూనే ఉన్నాడు. భాగీరథి చెయ్యి అడ్డంగా ఊపింది. అతను విసుక్కుని, తానే వస్తానని గడప దిగాడు. మొదటి మెట్టు మీద నడుము లోతు. రెండో దాని మీద ఛాతీ. మూడో అడుగు వేశాడో లేదో గడ్డం దాకా మునిగి, పక్కకు కొట్టుకుపోయాడు. మోరీవైపు నీళ్లు లాగుతున్నాయి. సుమన కెవ్వుమంది. అతని చెయ్యి కిటికీ ఇనుప చువ్వకు దొరికింది. చాలాసేపు దాన్నే పట్టుకుని వేలాడి, ఎట్లాగో గడప మీదికి చేరాడు. అక్కడ తలుపు పట్టుకుని నిలబడి దగ్గుతూ భాగీరథి వైపు చూశాడు. మళ్లీ రమ్మనలేదు.

ముగ్గురూ తిరిగి డాబా మీదికి ఎక్కారు. గోడ చప్పుడు ఆగలేదు. ఇప్పుడు పోవడానికి చోటు లేదని కూడా తెలుసు. ట్యాంకు దిమ్మె కింద స్తంభం గట్టిదేమోనని దానికి ఆనుకుని పిల్లలను ఒళ్లో వేసుకుంది. ప్రణయ్ ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. సుమన మాత్రం తొంగి చూడటం మానలేదు. ఈసారి భాగీరథి వద్దనలేదు. తానే అడిగింది.

"ఎంతున్నది?"

"సగం దాటింది. ముప్పావు కాలే. ఇందాకటి లెక్కనే ఉన్నది."

ఆ మాట నమ్మాలో వద్దో తెలియక ఆమె లేచి పోయి స్వయంగా చూసింది. నిజమే, మూడో పలక మధ్యలో తడి గీత అక్కడే ఉంది. చూస్తుండగా మళ్లీ ఒక వాన జల్లు కొట్టింది, కళ్లు మూసుకుంది. తెరిచాకా గీత అక్కడే ఉంది. ఆ తర్వాత ఇద్దరూ వంతులేసుకుని చూశారు. ఎవరి వంతు వచ్చినా, చూసి చెప్పేదాకా రెండోవాళ్లు ఊపిరి బిగబట్టే ఉన్నారు.

ఇంకా వెలుతురు ఉండగానే ఫైర్ బ్రిగేడ్ పడవ గల్లీలోకి వచ్చింది. మెట్ల దగ్గర పడవ ఊగుతుంటే భాగీరథి ముందు పిల్లలను అందించింది. లోపలున్న మనిషి ఆమెను రెండు చేతులా లాగి కూర్చోబెట్టాడు. మెయిన్ రోడ్డు మీద జనం. మంగ మార్కెట్ నుంచి నడిచి వచ్చి, పోలీసులు ముందుకు పోనివ్వక, మధ్యాహ్నం నుంచి అక్కడే నిలబడి ఉందట. పిల్లలను చూసి ఏడవలేదు. సుమన మణికట్టు పట్టుకుంది, అంతే. ఆటో ఎక్కినా, దిగినా, బంధువుల ఇంట్లో అన్నం తింటున్నా ఆ చెయ్యి వదల్లేదు. రాజలింగం చీకటి పడ్డాక దొరికాడు. భార్యను చూసి, ఏమే, చెప్పులేవి అని అడిగాడు.

నీళ్లు తగ్గాక పోయి చూస్తే పగుళ్లిచ్చిన గోడ కూలి ఉంది. మిషను బురదలో పడి ఉంది. వాళ్లు పడవ ఎక్కాక కూలిందా, ఎక్కకముందే కూలడం మొదలైందా ఎవరూ చెప్పలేకపోయారు. డాబా ఒక మూల కుంగింది. గల్లీలో వాళ్లు భాగీరథిని మెచ్చుకున్నారు, దాటకుండా ఆగింది కాబట్టే పిల్లలు దక్కారని. ఆమెకు ఆ మాటలు వినబుద్ధి కాలేదు. దాటితే నీళ్లు, దాటకపోతే గోడ. నేనేం తెలివి చెయ్యలే, పిల్ల కొంగు గుంజింది అని మాత్రం అనేది. కమలాకర్ ఒకసారి కలిసి, వదినా, నేను చూసింది నా తలుపే, తప్పయింది అన్నాడు. నేనూ అదే చూసిన తమ్మీ అందామె.

ఆ దీపావళికి ముందే అదే ఊళ్లోని నవాగామ్‌లో రెండో అంతస్తులో గది తీసుకున్నారు. మంగ కూడా రెండిళ్ల అవతల దిగింది. చాలారోజులు భాగీరథి ఏమీ నేర్పలేదు. పిల్లలు పుస్తకాలు తీస్తే తలనొప్పి అనేది. బకెట్ నిండే చప్పుడు వింటే లేచి పోయి కొళాయి కట్టేసేది. అయినా సుమన రోజూ వచ్చేది. ఒకరోజు ఆ పిల్లే కొత్త గల్లీలోని పిల్లలను ఇద్దరిని వెంట తెచ్చుకుంది. వాళ్లలో కరుణ అనే చిన్నపిల్ల పుస్తకం ఎదపై అదుముకుని, ఏమీ అడగకుండా గడపలోనే నిలబడింది. ఆ నిలబడటం చూసి భాగీరథి, రా బిడ్డా, కూసో అంది.

మరుసటి ఏడు జూన్‌లో ఒక సాయంత్రం చదువు మధ్యలో వాన మొదలైంది. భాగీరథి చేతిలోని సూది ఆగింది. అది మామూలు వానే, కింద ఎవరో నవ్వుకుంటూ బట్టలు తీస్తున్నారు. ఆమె లేచి తలుపు గడియ పెట్టింది. మళ్లీ తీసింది. పిల్లలు తలలెత్తి చూసి, తిరిగి రాసుకోసాగారు. ప్రణయ్ పుస్తకం తీసుకుని వచ్చి ఆమె వీపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. వాడి వీపు కూడా వణుకుతోంది. వాన తగ్గినా, తల్లి వచ్చి పిలిచిన పిల్లను తప్ప, ఆ రోజు ఆమె ఇంకెవరినీ మెట్లు దిగనివ్వలేదు.